బేరింగుల బండీ, స్కేట్‌బోర్డూ, మధ్యలో ఓ రబ్బరు ముక్క

పోయిన వేసవి సెలవుల్లో ధర్మవరం నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ అల్లుడు చెయ్యి ఇరగ్గొట్టుకున్యాడురా" అని. సైకిలు మీద నుంచి పడ్డాడేమో అనుకున్నా. కాదట. ఆన్‌లైన్లో స్కేట్‌బోర్డు తెప్పించుకున్నాడట. ఆదివారం పార్సిలొచ్చింది, సోమవారం ఇంటి ముందు వీధిలో ఎక్కాడు, చక్రం కింద కంకర రాయి పడి బోర్డు ఆగిపోయింది, వీడు ఆగలేదు. కుడి మణికట్టు. ఐదు వారాల కట్టు.

విధి అంటే ఇదే కాబోలు, సరిగ్గా ఆ వారమే ఇక్కడ బెంగళూరులో మా పాప (పన్నెండేళ్ళు) తనకీ స్కేట్‌బోర్డు కావాలని మొదలుపెట్టింది. "బావ చెయ్యి విరిగింది తెలుసా?" అన్నా. "బావకి కొనడం రాలేదు నాన్నా, తొక్కడం రాకపోవడం కాదు" అంది. అసలు రెండిటికీ తేడా ఏంటో నాకు తెలిస్తే కదా సమాధానం చెప్పడానికి! కుదరదు అని ఓ తండ్రి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పేసి లాప్‌టాప్ తెరిచాను.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే కుదరదు అనే హక్కు నాకు లేదు. నా ఎడమ మోకాలి మీద ఇప్పటికీ రెండంగుళాల మచ్చ ఉంది. అది పెనుకొండలో సంపాదించింది. బేరింగుల బండి మీద.

బేరింగుల బండి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. (తొంభైల్లో పుట్టిన వాళ్ళు మా టీములో చాలామంది ఉన్నారు, వాళ్ళని అడిగితే తెల్లమొహం వేశారు.) ఓ పలక. దాని కింద వెనక ఓ అడ్డకర్ర, ముందు ఓ అడ్డకర్ర. కర్రల చివర్లు కత్తితో గుండ్రంగా చెక్కి, పాత బేరింగులు సుత్తితో కొట్టి ఎక్కించడం. వెనక కర్రకి మేకులు, ముందు కర్రకి మధ్యలో ఒకే ఒక్క బోల్టు. ముందు కర్ర మీద కాళ్ళు పెట్టి అటూ ఇటూ తొక్కితే బండి అటూ ఇటూ తిరుగుతుంది. ఒకడు కూర్చోవాలి, ఒకడు వీపు మీద చెయ్యి పెట్టి తొయ్యాలి. సిమెంటు మీద అది చేసే గరగర చప్పుడుకి మధ్యాహ్నం పడుకున్న పెద్దవాళ్ళందరూ లేచి మా వంశాన్ని తల్చుకునేవాళ్ళు :)

హిందూపురంలో దీనికి కొరత లేదు. బెల్లం మండీ, చింతపండు మండీ ఉన్న ఊరు, లారీలు వస్తూ పోతూ ఉండేవి. లారీలున్న చోట షెడ్లుంటాయి, షెడ్లున్న చోట పారేసిన బేరింగులుంటాయి. ఆడించి చూసి, గుండు ఊడిపోనివి ఏరుకుని, రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పొద్దున చొక్కాతో తుడిచి ఎక్కించేవాళ్ళం. ఒకే సైజువి నాలుగు దొరికితే ఆ రోజు పండగ. దొరక్కపోతే ముందు చిన్నవి, వెనక పెద్దవి.

ఆ సైజుల వెనక ఓ లెక్కుందని నాకు ఇంజినీరింగులో చేరాక గానీ తెలియలేదు. బేరింగు మీద 6203, 6204, 6205 అని చెక్కి ఉంటుంది చూడండి. చివరి రెండంకెలు 04 నుంచి పైకి ఉంటే వాటిని 5తో హెచ్చవేస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది. 6204 అంటే 20, 6205 అంటే 25. 03 మాత్రం 17, 02 అయితే 15, 01 అయితే 12, 00 అయితే 10. ఎవడో పాత కోడులో ఆ నాలుగింటికి విడిగా షరతులు రాసి పెట్టినట్టుంటుంది. ఇక మూడంకెల నంబరైతే చివరి అంకే రంధ్రం. 608 అంటే 8 మిల్లీమీటర్ల రంధ్రం, బయట 22, మందం 7. ఈ 608ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ధర్మవరంలో ఇంకో బండి ఉండేది. అక్కడ రైల్వే జంక్షన్ కదా, పట్టాలు చూసుకునే ఇంజినీరు ట్రాలీ మీద వచ్చేవాడు. పట్టాల మీద నాలుగు చక్రాలు, పైన పలక, పలక మీద కుర్చీ, ఓ గొడుగు. ట్రాలీమెన్ ఇద్దరు పట్టా మీద వట్టి కాళ్ళతో పరిగెత్తి తోసి, వేగం అందుకోగానే ఎగిరి వెనక నిలబడేవాళ్ళు. వేగం తగ్గితే మళ్ళీ దిగి పరిగెత్తడం. పట్టా అంటే ఎంత వెడల్పుంటుంది? మూడంగుళాలుండదు. దాని మీద పరుగు! ఈ మధ్య స్కేట్‌బోర్డు వాళ్ళ వీడియోలు చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు. ఒక కాలు నేలకి తన్ని, వేగం రాగానే పైకెక్కి ఒళ్ళు సర్దుకోవడం, అదే పని. వాళ్ళ ట్రాలీని మాత్రం పట్టాలే తిప్పేవి. తిప్పే బాధ బండికి లేదు.

మా బండికి ఉన్న బాధంతా అదే. పెనుకొండలో మా పెద్దనాన్న వాళ్ళుండేవాళ్ళు. 1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయాక విజయనగర రాజులు వచ్చి రాజధాని పెట్టుకున్న ఊరది, కొండ మీద కోట, కింద గగన్ మహల్. మాకు ఆ చరిత్రతో పనిలేదు, కొండ ఉందంటే వాలు ఉందని అర్థం. అంతే కావల్సింది. 1986 వేసవిలో నేనూ పెద్దనాన్న కొడుకూ ఒకే బండి మీద ఇద్దరం కూర్చుని దిగాం. మొదటి పది గజాలు స్వర్గం. తర్వాత ముందు కర్ర వణకడం మొదలెట్టింది. ఎడమకి కొంచెం పోతే కాలితో కుడికి తొక్కాను, ఎక్కువ తొక్కినట్టున్నా, ఇంకా కుడికి పోయింది, మళ్ళీ ఎడమకి, మళ్ళీ కుడికి, ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువ. చివరికి ముందు కర్ర అడ్డంగా తిరిగిపోయింది. అన్నకి ముందు పన్ను సగం పోయింది, నాకు మోకాలు. ఇంట్లో దొరికింది వేరే లెక్క, అది రాయను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ బండిలో ఏం తప్పుందో తెలుస్తోంది. ముందు కర్రని పక్కకి తిప్పడానికి బోల్టు ఉంది, తిరిగిన కర్రని మళ్ళీ నిటారుగా తేవడానికి ఏమీ లేదు. పైగా ఇనుము నేరుగా నేలకి తగుల్తోంది, పట్టు లేదు. రెండు లోపాలు. ఈ రెండు లోపాల చరిత్రే స్కేట్‌బోర్డు చరిత్ర అని ఓ రెండు వారాలు రాత్రిళ్ళు చదివాక నాకనిపించింది.

అమెరికాలో కూడా మొదలైంది మనలాగే. 1940లు, 50ల్లో అక్కడి పిల్లలు ఓ పాత రోలర్ స్కేటు విరగ్గొట్టి, ముందు చక్రాలు పలకకి ఓ చివర, వెనక చక్రాలు ఇంకో చివర మేకులతో కొట్టేవాళ్ళు. పైన పళ్ళ పెట్టె ఒకటి బిగించి పట్టుకోడానికి పిడి పెట్టేవాళ్ళు. కాలిఫోర్నియాలో సముద్రం మీద అలలెక్కే కుర్రాళ్ళు అలలు లేని రోజు పెట్టె పీకేసి వట్టి పలక మీద నిలబడ్డారు. అంటే వాళ్ళు ఏరుకున్నది స్కేటు, మేం ఏరుకున్నది లారీ బేరింగు. రెండూ చెత్తే. కానీ వాళ్ళ చెత్తలో మన చెత్తలో లేనిది ఒకటి దాక్కుని ఉంది.

అది 1863 నాటిది. న్యూయార్కులో సామాన్ల వ్యాపారం చేసే జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన రోలర్ స్కేటుకి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందున్న స్కేట్లు తిన్నగా మాత్రమే పోయేవి, మలుపు తిరగాలంటే నానా తిప్పలు. ఈయన చక్రాల ఇరుసుని పాదం కింది పలకకి ఏటవాలుగా తగిలించి మధ్యలో రబ్బరు ముక్క పెట్టాడు. ఒక పక్కకి ఒరిగితే రబ్బరు నలిగి ఇరుసు అటు తిరుగుతుంది. ఒరగడం మానితే రబ్బరే ఇరుసుని వెనక్కి తెస్తుంది. మా బండికి లేనిది ఇదే! పెనుకొండ వాలు మీద మాకు కావల్సింది రూపాయి రబ్బరు ముక్క.

ఇవాళ్టి స్కేట్‌బోర్డు కింద ఉండే ట్రక్కు అనే భాగం ఈ ప్లింప్టన్ గారి సంతానమే. పాప కోసం విడిభాగాల బొమ్మ చూస్తుంటే ఒక్కో పేరూ ఎక్కడో విన్నట్టనిపించింది. కింగ్‌పిన్, బుష్, హ్యాంగర్, యాక్సిల్. వీటికి డిక్షనరీ ఎందుకు? హిందూపురం లారీ షెడ్డులో రోజూ వినేవే. లారీ ముందు ఇరుసుకీ కింగ్‌పిన్నే, కట్టల దగ్గర హ్యాంగరే, "బుష్షులు పోయినాయి సార్" అనేది జాతీయ వాక్యం. స్కేట్‌బోర్డులో బేస్‌ప్లేటు పలకకి నాలుగు బోల్టులతో బిగుస్తుంది. దాన్లోంచి కింగ్‌పిన్ ఏటవాలుగా బయటికొస్తుంది. ఇరుసుండే హ్యాంగరు ఆ పిన్నుకి తగులుకుంటుంది, దానికి పైనొకటి కిందొకటి రెండు బుష్షులు. అంతే, ట్రక్కంటే ఇంతే.

మరి ఇంత మంచి ఏర్పాటుండి కూడా 1965లో స్కేట్‌బోర్డు ఎందుకు చచ్చిపోయింది? అవును, చచ్చిపోయింది. 1963 నాటికి కంపెనీలు వచ్చాయి, లారీ స్టీవెన్సన్ అనే ఆయన మకాహా పేరుతో బోర్డులు అమ్మి, ఆటగాళ్ళ జట్టు పెట్టి ఊళ్ళు తిప్పాడు. 1965 మేలో లైఫ్ పత్రిక అట్ట మీద బొమ్మ వేసింది. ప్యాటీ మెక్‌గీ అనే అమ్మాయి, కదిలే బోర్డు మీద తలకిందులుగా చేతుల మీద నిలబడి. (ఆ అట్ట మీదున్నది అమ్మాయి అనే సంగతి మా అమ్మకి చెప్పాల్సిన అవసరం తర్వాత పడింది.) అదే ఏడు ఊరూరా నిషేధాలు మొదలయ్యాయి, దుకాణాల్లో సరుకు మిగిలిపోయింది. కారణం చక్రాలు. అప్పటి చక్రాలు మట్టి కలిపిన గట్టి మిశ్రమంతో చేసినవి. నున్నటి చెక్క నేల మీద స్కేట్ల కోసం పుట్టిన చక్రాలవి. రోడ్డు మీద పట్టు లేదు, చిన్న రాయి తగిలినా ఆగిపోయేవి. బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. ధర్మవరంలో మా అల్లుడు సరిగ్గా 1965 నాటి ప్రమాదాన్నే మళ్ళీ చేసి చూపించాడన్నమాట.

తర్వాత ఏడెనిమిదేళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1970లో ఫ్రాంక్ నాస్వర్దీ అనే కుర్రాడు వర్జీనియాలో ప్లాస్టిక్ కార్ఖానాకి వెళ్ళాడు. అక్కడ పాలీయూరిథేన్‌తో స్కేట్ చక్రాలు చేస్తున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు జారిపడకుండా, స్కేట్లు అద్దెకిచ్చే చోట్ల వాడటానికి. మెత్తగా ఉన్నాయని, వేగం రాదని బాగా వచ్చినవాళ్ళు వాటిని ముట్టుకోలేదు. నాస్వర్దీ ఓ సెట్టు తెచ్చి తన బోర్డుకి వేసుకున్నాడు. రాయి వస్తే చక్రం కొంచెం నలిగి దాని మీంచి పోతోంది, మలుపులో నేలని కరుచుకుంటోంది. కాలిఫోర్నియా వెళ్ళాక వాటిని కాడిలాక్ చక్రాలనే పేరుతో 1972, 73ల్లో అమ్మడం మొదలెట్టాడు. ఒకళ్ళు పనికిరాదని పక్కన పెట్టింది ఇంకొకళ్ళకి దొరకడం. మన ఫీల్డులో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

అక్కడి నుంచి కథ వేగంగా పోతుంది కాబట్టి నేనూ వేగంగా చెప్పేస్తా. 1970ల మధ్యలో విడి గుండ్ల బదులు మూసిన బేరింగులొచ్చాయి, స్కేటు నుంచి అరువు తెచ్చుకోకుండా బోర్డు కోసమే చేసిన ట్రక్కులొచ్చాయి. బోర్డు తోక పైకి వంచడం స్టీవెన్సన్ 1969 ప్రాంతంలోనే పేటెంటు చేశాడు. ఒకే మందపాటి పలక బదులు సన్నటి మేపుల్ పొరలు ఏడు అతికించడం వచ్చింది. 1976, 77ల్లో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఈతకొలనులు ఎండిపోతే వాటి గోడలెక్కి తొక్కారు. (కరువు మన అనంతపురానికీ కొత్త కాదు గానీ, మనకి ఎండినవి చెరువులు. వాటి అడుగు నున్నటి సిమెంటు కాదు.) 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ చేతులు వాడకుండా బోర్డుతో సహా గాల్లోకి లేచాడు. 1980ల మొదట్లో రాడ్నీ మల్లెన్ దాన్ని సమతలం నేల మీద చేసి చూపించాడు. 2021లో టోక్యో ఒలింపిక్సులో చేరింది, పదమూడేళ్ళ మొమిజి నిషియా బంగారు పతకం తీసుకుంది.

మన దేశంలో అయితే 2013లో బెంగళూరులో అందరికీ ఉచితంగా ఓ స్కేట్‌పార్కు లేచింది, హోలీస్టోక్డ్ అనే కుర్రాళ్ళ బృందం, లివైస్ కంపెనీ, విదేశాల నుంచి వచ్చిన ఆటగాళ్ళు కలిసి కట్టారు. హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరం. 2015లో మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లెలో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ ఇంకోటి కట్టించింది. అక్కడ రెండు నియమాలు: బడికి పోకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలు ముందు. మహాబలిపురంలో కమలి అనే చిన్న పాప గౌను వేసుకుని వట్టి కాళ్ళతో తొక్కుతున్న ఫోటోని టోనీ హాక్ అంతటివాడు ప్రపంచానికి చూపించాడు. తర్వాత 2019లో ఆమె మీద ఓ చిన్న సినిమా కూడా వచ్చింది. ఇవన్నీ పాప నాకు చూపించినవే. మా ఇంట్లో జరిగిన వాదనలో నా వైపు సాక్షులు ఎవరూ లేరు.

సరే, కొందాం అని ఒప్పుకున్నా. కానీ ఓ షరతు: ముందు ధర్మవరం బోర్డుకి పోస్టుమార్టం. శనివారం పొద్దున రైలెక్కి అక్క వాళ్ళింటికి వెళ్ళాం.

అల్లుడు కట్టుతో, చాలా గౌరవంగా, బోర్డు తెచ్చి ముందు పెట్టాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కింద మంటలు కక్కే పుర్రె బొమ్మ. తిప్పి చూస్తే ట్రక్కులు ప్లాస్టిక్. చక్రం గోటితో కొడితే టకటకమంటోంది, అది యూరిథేన్ కాదు, గట్టి ప్లాస్టిక్. నిలబడి ఒరిగితే ఒక్క మిల్లీమీటరు కూడా తిరగదు, ఎందుకంటే బుష్షు స్థానంలో ఉన్నది కూడా దాదాపు ప్లాస్టిక్కే. అంటే 1863కి ముందు ట్రక్కు, 1965 చక్రం. పైన స్టిక్కరు మాత్రం 'ఏబెక్ 9'.

ఈ ఏబెక్ గురించి ఒక మాట. ఇది అమెరికాలో బేరింగు ఇంజినీర్ల సంఘం పెట్టిన కొలతల ఖచ్చితత్వం. 1, 3, 5, 7, 9 అని పైకి పోయేకొద్దీ రింగుల కొలతల్లో తేడా తగ్గాలి. యంత్రాల్లో వేల చుట్లు తిరిగే చోట అది అవసరం. స్కేట్‌బోర్డు బేరింగుకి పడే కష్టం వేరు, పైనుంచి దూకినప్పుడు దెబ్బ, పక్కనుంచి తోపు, దుమ్ము. ఆ అంకె వాటి గురించి ఒక్క ముక్క చెప్పదు. ఫోనుకి మెగాపిక్సెళ్ళు చూసి కొన్నట్టే. పైగా ఆ స్టిక్కరు ఎవడైనా అతికించొచ్చు.

బావ మగ్గం దిగి వచ్చాడు. (ధర్మవరం పట్టు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది!) బోర్డు అంచు పట్టుకుని వేలితో రాస్తూ, "ఇది పేక లేని గుడ్డ మాదిరి ఉంది బామ్మర్దీ" అన్నాడు. చూస్తే నిజమే, పొరలన్నీ ఒకే వైపు పోతున్నాయి, మధ్యలో ఇప్పటికే పొడుగ్గా చీలిక. అసలైన డెక్కులో ఏడు పొరలుంటే మామూలుగా ఐదు పొడవునా, రెండు అడ్డంగా పెడతారు. పొడవు పొరలు బరువు మోస్తాయి, అడ్డం పొరలు చీలకుండా పట్టుకుంటాయి. పడుగూ పేకా. నేను గంటసేపు చదివి అర్థం చేసుకున్నదాన్ని ఆయన వేలితో చెప్పేశాడు.

ఇక కొనడం. దీనికి మా కొలమానాలు బెంగళూరు పార్కులు కాదు, హిందూపురం వీధులు. ఎందుకంటే నెలకి రెండు వారాంతాలు అక్కడే. కాబట్టి మొట్టమొదట తేల్చుకోవల్సింది చక్రం. 52 మిల్లీమీటర్ల చక్రం అంటే వ్యాసార్థం 26. దాని ముందు 10 మిల్లీమీటర్ల కంకర రాయి ఉందంటే సైకిలు చక్రం ముందు 12 సెంటీమీటర్ల పైచిలుకు బండరాయి పెట్టినట్టు. గట్టిదనానికి ఓ స్కేలుంది, 78ఏ అంటే మెత్తన, 99ఏ, 101ఏ అంటే రాయి. గాల్లో తిప్పే విన్యాసాలు చేసేవాళ్ళు నున్నటి నేల మీద 50 నుంచి 54 మిల్లీమీటర్ల గట్టివి వాడతారు. బొమ్మల్లో మనం చూసేవన్నీ అవే, అందుకే అందరూ అవే కొంటారు. మన కంకర తేలిన తారుకీ, అతుకులున్న సిమెంటు రోడ్డుకీ 58 నుంచి 60, 78ఏ చుట్టుపక్కల ఉండాలి. పెద్ద చక్రం వేస్తే మలుపులో అది డెక్కుకి తగిలి టక్కున ఆగే ప్రమాదం ఉంది, అందుకని ట్రక్కుకీ డెక్కుకీ మధ్య ఓ రబ్బరు పలక. చవకగా వచ్చే ముక్క, మర్చిపోతే మళ్ళీ ఇంకో కట్టు.

డెక్కు వెడల్పు పాదాన్ని బట్టి. పెద్దవాళ్ళకి 8, 8.25 అంగుళాలు, పాప సైజుకి 7.5. ట్రక్కు ఇరుసు పొడవు డెక్కు వెడల్పుకి సమానంగా ఉండాలి, ఇది సర్దుకుపోయే విషయం కాదు. ఇరుసు మరీ పొట్టిదైతే బోర్డు తూలుతుంది, మరీ పొడుగైతే చక్రాలు బయటికొచ్చి కాలికి తగుల్తాయి.

అన్నిటికన్నా ఎవరూ చెప్పనిది బుష్షు సంగతి. ట్రక్కుతో వచ్చే బుష్షులు సాధారణంగా 90ఏ దగ్గర ఉంటాయి, 70 కిలోల మనిషి కోసం. పాప 34 కిలోలు. తను ఎంత ఒరిగినా ఆ రబ్బరు నలగదు, బోర్డు తిరగదు, తిరగడం లేదని ఇంకా ఒరుగుతుంది, పడుతుంది. నట్టు వదులు చేస్తే సరిపోతుందిగా అంటారు కొందరు. వదులు చేస్తే మళ్ళీ పెనుకొండ వాలు మీద మా ముందు కర్రే. మెత్తటి బుష్షులు, 80ఏ లోపువి, విడిగా తెప్పించి మార్చాల్సిందే. బేరింగులకి మాత్రం పెద్దగా ఆలోచించలేదు. పేరున్న కంపెనీవి ఎనిమిది 608లు, అంతే.

హెల్మెట్టు, మణికట్టుకి పట్టీలు. దీని మీద బేరాల్లేవు. పడేటప్పుడు చెయ్యి ముందు చాచడం మెదడు చేసే పని, మనం ఆపలేం.

విడిభాగాలు ఒక్కొక్కటే వచ్చాయి. బిగించడం హిందూపురంలో, మా చిన్నప్పుడు బేరింగులు ఏరుకున్న షెడ్డులాంటి షెడ్డులోనే. (అప్పట్లో మాకు కొత్త బేరింగు అంటే కలలో మాట. 2019 నుంచి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లే తయారవుతున్నాయి.) మెకానిక్కు అన్న ట్రక్కు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, నేను చెప్పకముందే "కింగ్‌పిన్ను వాలుగా ఉండాది ఏమప్పా ఇది" అన్నాడు. పాప ప్లింప్టన్ కథ మొత్తం చెప్పింది ఆయనకి. ఇరుసు నట్టుకి 13 నంబరు స్పానరు పట్టింది. కింగ్‌పిన్ నట్టుకి 14 ఎక్కదు, 15 లూజు. అంగుళాల లెక్కలో చేసిన సరుకు. చివరికి స్క్రూ స్పానరుతో అయ్యింది.

పేచీ వచ్చింది గ్రీజు దగ్గర. బేరింగుల నిండా గ్రీజు కూరుతానంటాడు ఆయన. పల్చటి నూనె రెండు చుక్కలు చాలు, లేకపోతే వేగం రాదంటుంది పాప, నెట్‌లో అలాగే ఉందని. "వేగం యాలమ్మా? దుమ్ము పోకుండా ఉంటే సాలదా?" అన్నాడు. నేను ఆలోచించి ఆయన పక్షం చేరాను. మొదటి సంవత్సరం వేగం రాకపోవడమే నాక్కావల్సింది.

మా అమ్మ మాత్రం బోర్డు చూసి, "ఆడబిడ్డకి యాల ఇది, కాలో సెయ్యో ఇరిగితే?" అంది. లైఫ్ పత్రిక అట్ట చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "తలకిందులుగా నిలబడేది నేర్పియ్యద్దు" అంది. అంటే మిగతాది ఒప్పుకున్నట్టే అని పాప లెక్క.

సాయంత్రం కల్యాణ మండపం ముందు సిమెంటు నేల మీద మొదలెట్టాం. పెళ్ళిళ్ళు లేని రోజు. వీపు మీద చెయ్యి పెట్టి తోశాను, అలవాటైన పనే. అరగంటలో తన కాలితో తనే తన్నుకుంటోంది. ఓసారి గేటు వైపు పోతూ మడమల మీదికి కొంచెం ఒరిగింది, బోర్డు నెమ్మదిగా, పెద్ద వంపు తీసుకుని తిరిగి నా దగ్గరికే వచ్చింది. చప్పుడు లేదు. ఆ గరగర లేకపోవడం నాకు మొదట వింతగా ఉండింది.

అల్లుడు వచ్చే నెల కట్టు విప్పగానే వస్తానన్నాడు. తన పుర్రె బోర్డుని బావ విప్పేశాడట. అందులో బేరింగులు రెండు కండెలు చుట్టే రాట్నానికి సరిపోయాయట. తిరుగుతోంది గానీ చప్పుడు ఎక్కువని అక్క గోల.